ముత్యాలహారము చాటున

దూరపు కొండలు నునుపన్న సామెత దేశదూరమున కెంత చెల్లునో కాలదూరమునకును అంతయే చెల్లును. అయినను ఈ రెండు దూరములకును ఒక భేదము కలదు. దేశాంతరమందలి కొండ నునుపో గరుకో తేల్చుకొనగోరువాడు ఎన్నడో ఒకనాడు మూట కట్టుకొని బయలుదేరి, ఆ రాతిని చేతితో తడవి చూచుకొని రావచ్చును. గతించిన కాలమను కొండకు అట్టి దారి లేదు గనుక దానినిగూర్చి ఎవరేమి చెప్పినను చెల్లిపోవుచుండును. అట్లు చెల్లిపోవుచున్న మాటలలో, అమెరికా దేశమునందును ఆ దేశమునకు వలసపోయిన మన తెలుగువారియందును మిక్కిలి వ్యాప్తి నందినది ఒకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945 మొదలుకొని 1960 దాటిన తొలియేండ్ల వఱకు గడచిన కాలము ఆ దేశమునకు స్వర్ణయుగమనియు, ఒక్క మగవాని జీతముతో ఇల్లును కారును నలుగురు బిడ్డల పెంపకమును సుఖముగా సాగెననియు, ఆలుమగలు విడిపోవుట యెఱుగరనియు, వీధితలుపునకు గడియ వేయవలసిన పనియే లేకుండెననియు, తరువాతి తరములవారి హక్కుల గోలవలనను విచ్చలవిడితనమువలనను ఆ సౌధము కూలిపోయెననియు, కావున వెనుకకు మఱలుటయే తరణోపాయమనియు ఆ మాటకు సారాంశము.

ఈ మాటను నేను పలుతావుల చదివియు వినియు నుంటిని గాని, నా మనస్సున ముల్లువలె నాటుకొన్నది మాత్రము మా అన్నగారి ఇంటి ముచ్చట. ఆయన మా పెదతండ్రి కుమారుడు. ముప్పదియేండ్లుగా న్యూజెర్సీ రాష్ట్రమందలి ఎడిసన్ పట్టణమున కాపురమున్నవాడు. పాతకాలపు పత్రికనుండి కత్తిరించిన ఒక ప్రకటనకు చట్రము కట్టించి, దానిని తన భోజనశాల గోడకు తగిలించుకొనెను. ఆ పటమున ఒక ఇల్లాలు, గొడుగువలె విచ్చుకొన్న పావడాతో, ఎత్తుమడమల చెప్పులతో, పాలవన్నె రిఫ్రిజిరేటరు తలుపు తెఱచి నవ్వుచుండును. లోపలి అరలలో పాలసీసాలును పండ్లును క్రిక్కిరిసి యుండును. అప్పుడే ఆఫీసునుండి వచ్చిన భర్త టోపీ చేతబట్టుకొని గుమ్మమున నిలిచియుండును. మా అన్న ఆ పటమును చూపి, "బతుకంటే అదిరా తమ్ముడూ! మనం ఓ యాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చాం" అని నిట్టూర్చెను. అన్నము ముందఱ పెద్దవానితో వాదమెందుకని నేను మజ్జిగ కలుపుకొని ఊరకుంటిని. ఆనాడు మ్రింగిన ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

పూర్వపక్షమును బలహీనపఱచి చెప్పి, ఆ బలహీనతను ఖండించి, జయము ప్రకటించుకొనుట వాదధర్మము కాదు. కావున ఒప్పుకొనవలసినది ముందుగా ఒప్పుకొందును. 1947 మొదలు 1973 వఱకు అమెరికాలో నడిమితరగతి కుటుంబపు ఆదాయము, ధరల పెరుగుదలను తీసివేసి లెక్కించినను, ఇంచుమించు రెండింతలయ్యెను. కూలినాలి చేయువారిలో మూడింట ఒకవంతు కార్మికసంఘములలో చేరియుండిరి. కర్మాగారమున అడుగిడిన యువకుడు తన తండ్రికన్న తాను మేలుగాను, తనకన్న తన కొడుకు మేలుగాను బ్రతుకునని నమ్మెను. ఆ నమ్మకము చాలమట్టునకు ఫలించెను. ఇది చిన్న విషయము కాదు, దీనిని చిన్నపుచ్చువాడు నిజమును చిన్నపుచ్చినవాడగును. అయితే ఒక కాలమున మంచి యుండెననుటకును, ఆ కాలమే మంచిదనుటకును మధ్య పెద్ద అగాధము కలదు. ఆ అగాధమును దాటదలచినవాడు ఆ మంచి ఎవరికి దక్కినది, ఎవరి ఖర్చుతో దక్కినది, దేనివలన దక్కినది అని అడిగి తీరవలెను; మన పూర్వపక్షులు అడుగనిది సరిగా అదియే.

వారి వాదమునకు ప్రమాణమేమని విచారించినచో, అందఱును చూపునది టెలివిజన్ బొమ్మ. 1957 మొదలు 1963 వఱకు నడచిన 'లీవ్ ఇట్ టు బీవర్' అను ధారావాహికయందు జూన్ క్లీవర్ అను ఇల్లాలు కలదు. ఆమె మెడలో ముత్యాలహారము ధరించియే వండును, ధరించియే ఇల్లు ఊడ్చును. ఆనాటి గృహలక్ష్మి యనగానే నేటికిని అమెరికనుల కన్నులకు గట్టునది ఆ హారమే. ఆ పాత్రను ధరించిన బార్బరా బిల్లింగ్‌స్లీ దాని రహస్యమును తరువాతి కాలమున తానే చెప్పినది: ఆమె కంఠమూలమున ఒక చిన్న గుంట యుండెను, దీపముల వెలుతురున ఆ గుంటలో నీడ పడి బొమ్మ చెడుచుండెను, ఆ నీడను కప్పుటకై ముత్యములు వేసికొన్నది. తాను ఉద్యోగము చేసి బిడ్డలను పెంచుకొన్న తల్లి, ఉద్యోగ మెఱుగని తల్లిగా నటించుచు, గుంట కనబడకుండ కట్టుకొన్న హారము ఒక జాతి జ్ఞాపకమునకే ఆభరణమై కూర్చున్నది! ఆ కాలమునుగూర్చిన తలపోత యంతయు ఇట్టిదే. ముత్యములు లేవని నేననను; అవి దేనిని కప్పుటకు కట్టబడినవో హారమును ఒకింత ప్రక్కకు జరిపి చూడవలెనందును.

మొదట ఆ ఒక్క జీతపు ఇంటినే చూతము. న్యూయార్కు నగరమునకు తూర్పున, లాంగ్ ఐలండునందు, బంగాళాదుంపలు పండిన పొలములలో విలియం లెవిట్ అను గృహనిర్మాత 1947లో ఆరంభించిన లెవిట్‌టౌను ఆ స్వర్ణయుగమునకు తార్కాణముగా చెప్పబడుచుండును. కర్మాగారమున కారు ముందునకు నడచుచుండగా పనివారు నిలిచియుండి దానిని బిగింతురు. లెవిట్ ఆ రీతిని తలక్రిందులు చేసి, నిలిచియున్న ఇండ్లయొద్దకు పనివారి జట్లను నడిపించి, ఒక్కొక్క జట్టుచేత ఒక్కొక్క పనియే చేయించి, నాలుగైదేండ్లలో పదునేడువేలకు పైగా ఇండ్లు లేపెను. తొలినాటి యిల్లు 750 చదరపుటడుగులు. రెండు పడకగదులు, ఒక్కటే స్నానపుగది. నేలమాళిగ లేదు, కారునకు కొట్టము లేదు, మీది అటుక పూర్తిచేయక విడిచినది. రెండు పడకగదుల ఫ్లాటు వేయి చదరపుటడుగులకు తగ్గినచో ఇఱుకని పెదవి విఱుచు మన హైదరాబాదు గృహస్థులు ఆ యింటిని రాజప్రాసాదమనరు. 1950లో అమెరికాయందు కట్టిన క్రొత్త యింటి సగటు వైశాల్యము వేయి చదరపుటడుగులలోపలనే యుండెను. నేడది రెండువేలు దాటినది. అంతటి యింటితో, ఒక్క కారుతో, వేసవిలో ఏసీ లేక, స్వదేశమునకు విమానయాత్ర యను తలంపే లేక బ్రతుకుట కొప్పుకొన్నచో ఒక్క జీతము నేడును చాలదూరము వచ్చునేమో, మా అన్నయే లెక్క చూచుకొనవలెను.

అదియైనను లెవిట్‌టౌనుదాక వచ్చినవారి మాట. 1950 నాటి జనాభా లెక్కలవారు ఇల్లిల్లును తిరిగి వ్రాసికొన్న దానినిబట్టి, ఆ దేశపు ఇండ్లలో మూడింట ఒకవంతునకు పైగా పూర్తి నీటివసతి లేనివి. అనగా వేడినీరును చన్నీరును వచ్చు కుళాయి, స్నానపుతొట్టి, నీరు వదలు మరుగుదొడ్డి యను మూడింటిలో ఏదో యొకటి కొఱవడినవి. సొంతయిల్లు గలవారు నాడు నూటికి 55 మంది. నేడు ఇంచుమించు 65 మంది. ప్రకటనపటమందలి రిఫ్రిజిరేటరు నిజమే గాని, ఆ పటమును పత్రికలో చూచి పెరటి దొడ్డికి చెంబు పట్టుకొని నడచినవారును అంతే నిజము. పటము అమ్మకమునకై వేసినది. అది ఉన్న బ్రతుకును గాక, ఊరించు బ్రతుకును చూపినది. డెబ్బదియేండ్ల తరువాత దానిని సాక్ష్యముగా ఎత్తిచూపుట, నేటి చీరల దుకాణపు ప్రకటన చూచి తెలుగునాట స్త్రీలందఱును ప్రతిదినమును పట్టుచీరలే కట్టుదురని చరిత్ర వ్రాయుటవంటిది.

ఇక ఆ యింటి గుమ్మము ఎవరికి తెఱచియుండెనో చూతము. లెవిట్‌టౌను తొలి ఒప్పందపత్రములలో ఒక నిబంధన కలదు: కకేషియన్ జాతివారు, అనగా తెల్లవారు, కానివారెవరును ఆ యింటిని వాడరాదు, అందు వసింపరాదు, ఇంటిపనివారుగా మాత్రము ఉండవచ్చును. గిన్నెలు కడుగుటకు రావచ్చును గాని ఆ గిన్నెలో తినుటకు రారాదని తాత్పర్యము. ఇట్టి నిబంధనలను న్యాయస్థానములు అమలుపఱుపరాదని 1948లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినను అమ్మకపు పద్ధతి మాఱలేదు. ఇండ్ల కొఱతను తీర్చుట, వర్ణసమస్యను తీర్చుట అను రెంటిలో తాము ఒక్కటి మాత్రమే చేయగలమని లెవిట్ బహిరంగముగానే పలికెను. ఇది ఒక వర్తకుని దోషము మాత్రమే యైనచో పోనిమ్మందును. ఆ యిండ్ల ఋణములకు పూచీపడిన ప్రభుత్వసంస్థయే వర్ణసాంకర్యము లేని పేటలను కోరెను. యుద్ధమునుండి మఱలివచ్చిన సైనికులకు ఋణములిచ్చుటకై 1944లో చేసిన ఉదారశాసనము ఎట్లమలు జరిగెనో తెలిసికొనుటకు మిసిసిపీ రాష్ట్రపు ఒక్క సంవత్సరపు లెక్క చాలును: 1947లో అచ్చట ఆ శాసనము క్రింద ఇచ్చిన ఋణములు మూడువేల రెండువందలకు పైగా నుండగా, నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు.

1957 ఆగస్టున పెన్సిల్వేనియాలోని మఱియొక లెవిట్‌టౌనులో విలియం మైయర్స్, డైసీ మైయర్స్ అను నల్లజాతి దంపతులు, పూర్వపు యజమానినుండి ఒక యింటిని కొని, పసిబిడ్డలతో గృహప్రవేశము చేసిరి. విలియం సైన్యమున సేవచేసి వచ్చినవాడు. వార్త పొక్కిన సాయంకాలమునకే ఆ యింటి ముందఱ జనము గుమిగూడెను. కిటికీ అద్దములు రాళ్లతో పగులగొట్టిరి. దినములు వారములైనను అరపులు మానలేదు. ఆ పేటలో శిలువను తగులబెట్టిరి. తుదకు రాష్ట్రపు పోలీసులు దిగవలసివచ్చెను. రాళ్లు రువ్వినవారు దొంగలు కారు, త్రాగుబోతులు కారు. పగలు పనికి పోయి, ఆదివారము గుడికి పోయి, పచ్చికను సమముగా కత్తిరించుకొను సంసారులు. పొరుగువారొకరినొకరు పేరుపెట్టి పిలుచుకొన్న కాలమని మురియువారు, ఆ పొరుగువారు మైయర్స్ కుటుంబమును ఏమని పిలిచిరో కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఇల్లు దొరకనిచో కారైనను దొరకినది గదా యందురేమో. కారు దొరకినది గాని దారి దొరకలేదు. నల్లజాతివారు దూరప్రయాణము చేయునపుడు ఏ యూర రాత్రి పండుకొననిత్తురో, ఎక్కడ అన్నము పెట్టుదురో, ఎక్కడ పెట్రోలు పోయుదురో తెలుపుటకు విక్టర్ గ్రీన్ అను తపాలా ఉద్యోగి 1936 మొదలుకొని ఒక చిన్న పుస్తకమును అచ్చువేయుచు వచ్చెను. స్వర్ణయుగమంతయు గడచువఱకును ఆ పుస్తకమునకు గిరాకి తగ్గలేదు. అట్టి పుస్తకము లేని రోజు రావలెనని దానిని వేసినవాడే కోరుకొన్నాడు. ఆ రోజు నేటి తలపోతగాండ్రు తెగడెడి తరువాతి దశకముననే వచ్చినది.

గడియ వేయని తలుపు మాటకు వచ్చెదము. 1955 ఆగస్టు 28వ నాటి నడిరేయి మిసిసిపీలో మోజెస్ రైట్ అను కౌలురైతు ఇంటి తలుపును ఇద్దఱు తెల్లవారు తట్టి, షికాగోనుండి చుట్టపుచూపుగా వచ్చిన పదునాలుగేండ్ల ఎమ్మెట్ టిల్ అను బాలుని లేపి తీసికొనిపోయిరి. తెల్లస్త్రీని చూచి ఆకతాయితనము చేసెనని ఆరోపణము. మూడు దినములకు ఆ బాలుని శవము, మెడకు ఇనుప చక్రము కట్టబడి, టాలహాచీ నదిలో తేలెను. అందఱును తెల్లవారే యైన జ్యూరీ గంటకు మించి రవ్వంత సేపు ఆలోచించి నిందితులను విడిచిపెట్టెను. ఆ యిద్దఱును కొన్ని నెలలకే, డబ్బు పుచ్చుకొని, తాము చంపిన విధమును పత్రికకు చెప్పుకొనిరి. కావున వీధితలుపునకు గడియ అక్కఱలేదని ఎవరైనను చెప్పినపుడు, ఎవరి తలుపునకని అడుగుడు. రైట్ ఇంటి తలుపునకు గడియ యుండినను ప్రయోజనము లేకుండెను.

వీధినుండి వచ్చు నేరమట్లుండగా, గడియ లోపలనే జరిగిన నేరమునకు ఆ కాలమున పేరైనను లేదు. ఎముకలు విఱిగిన పసిబిడ్డలు ఆసుపత్రికి వచ్చినపుడు, ఆ దెబ్బలు తలిదండ్రులే కొట్టినవని గుర్తించి, హెన్రీ కెంప్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి ఆ స్థితికొక శాస్త్రనామము పెట్టినది 1962లో. కట్టుకొన్న భార్యను బలాత్కరించుట నేరమన్న శాసనము ఆ దశకమున ఒక్క రాష్ట్రమునందును లేదు. లెక్కకు రాని నేరము జరుగని నేరమని పొరబడుటవలన ఎంతో శాంతము మనకు పురాకాలమున కనబడుచున్నది.

ఆలుమగల అన్యోన్యమునుగూర్చియు ఇదియే మాట. విడాకులు నాడు తక్కువ యనుట సత్యము. కాని బయటికి దారి లేని గదిలో ఎవరును బయటికి పోలేదని సంతోషించుట ఎట్టిదో ఆలోచింపవలెను. 1956లో అమెరికా స్త్రీల తొలి వివాహపు నడిమి వయస్సు ఇరువదియేండ్లు; పదునెనిమిదింటను పందొమ్మిదింటను పెండ్లాడినవారు లక్షలు. ఇరువదియేండ్లు నిండకయే తల్లులైన బాలికల నిష్పత్తి ఆ దేశచరిత్రలో పరాకాష్ఠ నందినది, నీతి నశించినదని చెప్పబడు నేడు కాదు, 1957లో. భర్త చేవ్రాలు లేనిదే స్త్రీకి అప్పు పుట్టుట దుర్లభము. ఆ వివక్షను నిషేధించిన శాసనము 1974 దాక రాలేదు. 1955లో మిల్‌టౌన్ అను మనోవ్యాకులత నణచు మాత్ర బజారునకు రాగా, దేశమంతయు ఎగబడి కొన్నది. అంతటి ఆనందయుగమున అన్ని మాత్రలెందుకో పూర్వపక్షులే చెప్పవలెను. 1963లో బెట్టీ ఫ్రీడన్ 'ది ఫెమినిన్ మిస్టీక్' అను గ్రంథమున, చదువుకొని వంటింట కూలబడిన ఇల్లాండ్రకు తమ బాధకు పేరైనను తెలియదని వ్రాసినపుడు, లక్షలమంది స్త్రీలు అది తమ కథయే యని గుర్తుపట్టిరి.

ఇంకొకటి. తల్లులందఱు ఇంటిపట్టుననే యుండిరనుట కూడ సగపు నిజమే. 1950లో మూడింట ఒకవంతు స్త్రీలు జీతమునకు పనిచేయుచుండిరి. పనిచేయు నల్లజాతి స్త్రీలలో పదిమందికి నలుగురు పరుల ఇండ్లలో పాచిపని చేయువారు. పటమందలి ఇల్లాలి నేల అంత అద్దమువలె మెఱయుటకు, పటములోనికి రాని మఱియొక తల్లి తన బిడ్డలను విడిచి ఉదయముననే బస్సెక్కవలసివచ్చెను. 1955 డిసెంబరున మాంట్‌గొమరీ నగరమున రోజా పార్క్స్ లేచి చోటీయనన్నది, ఆ తరువాత 381 దినములు నల్లజాతివారందఱును ఎక్కుట మానినది అట్టి బస్సులనే.

దేహారోగ్యము మాట క్లుప్తముగా చెప్పెదను, ఏలయన ఇందు వాదమునకు తావు తక్కువ. 1950లో పుట్టిన వేయిమంది శిశువులలో 29 మంది ఏడాది నిండకయే పోయిరి. నేడు పోవువారు ఆఱుగురికి లోపు. నాటి సగటు ఆయువు 68 ఏండ్లు. 2019 నాటికి 78 దాటెను. 1952 వేసవిలో, ఆ తరువాతి కొలది నెలలలో, పోలియో వ్యాధి ఇంచుమించు 58 వేలమందికి సోకి, మూడువేలమందికి పైగా ప్రాణములు తీసెను. తల్లులు బిడ్డలను ఈతకొలనులకు పోనీయక, జ్వరము తగిలిన ప్రతిరాత్రియు కాళ్లు కదలుచున్నవో లేవో తడవి చూచుకొనిరి. 1948లో పెన్సిల్వేనియాలోని డొనోరా అను చిన్న పట్టణమున కర్మాగారపు పొగ మంచుతో కలిసి ఐదు దినములు కదలక నిలువగా ఇరువదిమంది మరణించిరి. 1959లో, దారిద్ర్యమునుగూర్చి ప్రభుత్వపు లెక్కలు లభించు తొలి సంవత్సరమున, ఐదుగురిలో ఒకరికి పైగా బీదలు. నల్లజాతివారిలో సగమునకు పైగా బీదలు. అఱువదియైదేండ్లు దాటిన వృద్ధులలో మూడవవంతునకు పైగా బీదలు. ఈ యుగమును మెచ్చుచు నేడు మనకు చెప్పువారు ఎక్కువగా నాటి బాలురు. బాల్యమున ఇంటి అప్పు ఎవరికి కనబడును? పోలియోతో పోయిన బాలుడు ఈ ముచ్చట్లు చెప్పుటకు రాడు. వచ్చినవారందఱు బ్రతికినవారే గనుక ఆ కాలము అందఱును బ్రతికిన కాలమువలె తోచుచున్నది.

నిర్భయముగా బ్రతికిన దినములని మఱియొక స్తోత్రము. 1947లోనే ప్రభుత్వోద్యోగుల రాజభక్తిని పరీక్షించు ఉత్తరువు వచ్చెను. 1950 ఫిబ్రవరిలో సెనేటరు మెకార్థీ ఒక కాగితము చేతబట్టి, విదేశాంగశాఖ నిండ కమ్యూనిస్టులే యని అరచినది మొదలు, పాత మిత్రుని పేరు చెప్పనందుకు ఉద్యోగములు పోయినవారు, పాత సభకు పోయినందుకు పరువు పోయినవారు ఎందఱో. మహాగాయకుడు పాల్ రోబ్సన్ పాసుపోర్టును 1950లో లాగికొని ఎనిమిదేండ్లు ఈయలేదు. బడిపిల్లలకు అణుబాంబు పడినపుడు బల్లల క్రింద ఎట్లు దూరవలెనో నేర్పిరి. బల్ల క్రింద తల దాచుకొని తొమ్మిదేండ్ల పిల్లవాడు తలచుకొన్నదానిని నిర్భయత్వమని పిలుచుట నాకు చేతకాదు.

ఇప్పుడు మొదట నేనొప్పుకొన్న ముత్యములయొద్దకు మఱలి వచ్చెదను. ఆ జీతములు, ఆ యిండ్లు, ఆ యెదుగుదల ఏ పుణ్యమువలన కలిగినవి? యూరపు, జపాను బూడిదయై యుండగా ప్రపంచపు కర్మాగారముగా అమెరికా యొక్కటియే నిలిచినది. ఇది ఎవరును మఱల కోరదగిన భాగ్యము కాదు. తక్కినవన్నియు మనుష్యులు బుద్ధిపూర్వకముగా కట్టుకొన్నవి. జీతములు పెంచినవి కార్మికసంఘముల సమ్మెలు, వాని ఒప్పందములు. చదువులకును ఇండ్లకును పెట్టుబడి పెట్టినది ప్రభుత్వపు ఖజానా. 1956 శాసనమున తలపెట్టిన నలుబదియొక్కవేల మైళ్ల రాజమార్గములు పన్నుల డబ్బుతో వేసినవి. మిక్కిలి ధనవంతుల ఆదాయపు పైభాగముమీద, ఐసెన్‌హోవర్ వంటి రిపబ్లికన్ అధ్యక్షుని కాలముననే, నూటికి 91 వంతుల పన్ను విధింపబడియుండెను. ఆ యుగమును వేనోళ్ల పొగడువారిలో అధికులు ఈ నాలుగింటిని తలచినంతనే ముఖము చిట్లించుకొందురు. సంఘము వలదు, పన్ను వలదు, ప్రభుత్వపు ఖర్చు వలదు. అవి తెచ్చిన జీతము మాత్రము కావలెను! వారు నిజముగా మఱల తేదలచినది ఆ యుగపు అర్థనీతిని కాదు. ఎవరి చోట వారుండిన ఆనాటి అమరికను. జీతము తేలేరు గనుక ఇల్లాలిని వంటింటికి పంపుదమందురు. ఇల్లు కట్టింపలేరు గనుక పొరుగున ఎవరు రారాదో చెప్పుదురు.

మా అన్న మాట మిగిలినది: యాభైయేండ్లు ఆలస్యముగా వచ్చితిమని. ముందుగా వచ్చినచో ఏమయ్యెడిదో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బ్రతుకు చెప్పును. ఆయన బోస్టను చేరినది 1923లో. భారతీయులు తెల్లవారు కారు గనుక అమెరికా పౌరులు కాజాలరని భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినదియు ఆ యేడే. హార్వర్డులో ఆయన చేసిన పరిశోధన పాఠ్యగ్రంథముల కెక్కినను అచ్చట స్థిరమైన పదవి దక్కలేదు. లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందము సిద్ధపఱచిన ఔషధము రక్తపు క్యాన్సరు సోకిన పసిబిడ్డలకు తొలిసారిగా కొంత ఉపశమనము కలిగించినదని 1948లో లోకమునకు తెలిసెను. ఆ యేడే ఆయన, ఆ దేశమునకు పౌరుడు కాకయే, కన్నుమూసెను. అప్పటికి రెండేండ్ల క్రిందట, 1946లో, శాసనము ఒకింత సడలి భారతీయులకు పౌరసత్వమును, వలసకు అనుమతియు లభించెను: ఎందఱికి? భారతదేశమున కంతకును కలిపి ఏటికి నూఱుమందికి. తెలుగుజిల్లాల వంతునకు ఎన్ని వచ్చునో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ ద్వారము నిజముగా తెఱచినది 1965 అక్టోబరున జాన్సన్ అధ్యక్షుడు చేవ్రాలు చేసిన వలసశాసనము. దానిని తెచ్చినది పౌరహక్కుల పోరాటము దేశపు మనస్సును కదలించిన ఆ యేండ్లే, స్వర్ణయుగమును చెఱిచినవని నిందింపబడు యేండ్లే. మా అన్న ఆలస్యముగా రాలేదు. తలుపు తెఱచిన తరువాత వచ్చెను. ఎడిసన్‌లో ఆయన భోజనశాల గోడమీద ఆ పటము వ్రేలాడుటకు వీలైనది, ఆ పటపు కాలము గతించినందువలననే.

అట్లయినచో నేటి అమెరికా స్వర్గమా యని ఒక ఆక్షేపణము వచ్చును. కాదు. ఇండ్ల వెలలు జీతములను విడిచి పరుగెత్తుచున్నవి. ఆసుపత్రి చీటి చూచి జబ్బు తిరుగబెట్టుచున్నది. మూడింట ఒకవంతుండిన సంఘసభ్యత్వము పదింట ఒకవంతునకు దిగినది. ఒంటరితనము ఊరూర కాపురము పెట్టినది. వీనివలన కలుగు దుఃఖము నిజమైనది, దానిని నేను పరిహసింపను. కాని రోగమునకు మందు వెదకుచు, పాత బొమ్మకు దండము పెట్టుట వైద్యము కాదు. ఆనాడును ఇట్టి దుఃఖములుండినవారు కలరు; వారు 1920నో 1880నో తలచుకొని కూర్చున్నచో మనకు పోలియో టీకా లేదు, వృద్ధులకు వైద్యబీమా లేదు, ఓటు లేదు. ఆ యుగమున నిజముగా గౌరవింపదగినవారు ఎవరనగా, ఆ యుగమును చాలునని ఒప్పుకొననివారే.

మన వాఙ్మయమున గతకాలమునకు పట్టము గట్టిన మాట యొకటి సుప్రసిద్ధము: "గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్" అని. నన్నయ భారతము ఆదిపర్వమున వ్యాసమహాముని పలికినది. మన పెద్దలు మాటిమాటికి దానిని సభలలో ఎత్తుకొనుచుందురు గాని, ఎవరు ఎవరితో ఏ వేళ పలికిరో తలచువారరుదు. పాండురాజు పోయినాడు, మనుమని పోగొట్టుకొన్న ముదుసలి సత్యవతికి, ఇక రాబోవు వంశనాశమును కన్నులార చూడలేవని, కొడుకు తల్లికి చెప్పిన ఓదార్పు అది. ఆ మాట విని ఆమె చేసిన పని యేమి? కోడండ్రను వెంటబెట్టుకొని తపోవనమునకు పోయెను. రాజ్యమేలుటకు ఆ మాటను ఆమె వాడుకొనలేదు; హస్తినాపురమును వెనుకటి యేండ్లకు మఱలింపుడని ఎవరిని ఆజ్ఞాపింపలేదు. గతించినదే మేలని నిజముగా నమ్మినవారికి ఆమె చూపిన దారి అడవికే పోవును. ఊరిలో ఉండదలచినవారు మాత్రము, పటమందలి ఇల్లాలి హారమును చూచి నిట్టూర్చుట మాని, నేడు పాచిపనికై ఉదయముననే బస్సెక్కుచున్న తల్లి జీతమెంతయో అడిగి తెలిసికొనుట మంచిది.